‘అట్ల కాదు మేడమ్’: ఒక తల్లి ఆపరేషన్‌కు ముందు ఏడు నెలలు

ఈ కేసు రాయడానికి కుటుంబం సంతకం పెట్టి ఒప్పుకుంది. ఎవరి పేరూ వాడటం లేదు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఆ అబ్బాయిని ఇంట్లో ‘చిన్నోడు’ అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

2024 ఫిబ్రవరిలో చిన్నోడి తల్లి మా సెంటర్‌కు వచ్చింది వీల్‌చైర్ కోసం. ముందు చక్రం విరిగింది, బాగుచేయించి ఇస్తారా అని అడగడానికి. నేను ఉత్తర బెంగళూరులో వైకల్యం ఉన్న పిల్లల, పెద్దల కుటుంబాలతో పనిచేసే సోషల్ వర్కర్‌ని. ఎలహంక వైపు మా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉంటారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి రైలెక్కి వచ్చి ఇక్కడే నిలదొక్కుకున్నవాళ్లు. ఈ కుటుంబం కూడా హిందూపురం దగ్గరి పల్లె నుంచి పద్నాలుగేళ్ల కిందట వచ్చింది.

కూర్చోమంటే కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడే మాట్లాడింది. రెండోసారి అడిగితే అప్పుడు చెప్పింది: “కూచుంటే ఏదో జారినట్లు అయితాది మేడమ్. నడిస్తే కిందికొస్తాది.” గర్భసంచి జారింది. 2021లోనే ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ చేయాలని రాసిచ్చారు. ఆ చీటీ మడతలు చిరిగిపోయి, ప్లాస్టిక్ కవర్లో ఇంకా ఆమె దగ్గరే ఉంది. మూడేళ్లు ఎందుకు ఆగారని అడిగితే నా వైపు వింతగా చూసింది. “నేను ఆస్పత్రిలో పడుకుంటే వీణ్ణి ఎవురు ఎత్తుతారు?”

వీల్‌చైర్ చక్రం వారంలో బాగయింది. ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి ఏడు నెలలు పట్టింది.

ఇల్లు

చిన్నోడికి అప్పటికి 19 ఏళ్లు. పుట్టినప్పటి నుంచి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒళ్లు అదుపులో ఉండని స్థితి. కాళ్లూ చేతులూ నాలుగూ బిగుసుకుని ఉంటాయి. కదలిక సామర్థ్యాన్ని ఐదు స్థాయిలుగా చెప్పే జీఎంఎఫ్‌సీఎస్‌లో ఐదో స్థాయి. అంటే తల కూడా తనంతట ఎక్కువసేపు నిలపలేడు. మాటలు లేవు, కానీ అన్నీ అర్థమవుతాయి. ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ సిరప్ రోజుకు రెండుసార్లు. బరువు 41 కిలోలు. తల్లి వయసు 44, బరువు 48 కిలోలు. తండ్రి నీళ్ల ట్యాంకర్ డ్రైవర్. అక్కకు 23 ఏళ్లు, ఒక షోరూమ్‌లో బిల్లింగ్ పని. నాయనమ్మ ఏడాదిలో సగం వీళ్ల దగ్గర, సగం ఊళ్లో ఉంటుంది.

ఇంటికి వెళ్లినప్పుడు నేను మొదట చూసింది నేల మీద పరుపు. మంచం మీద నుంచి పడతాడని భయపడి, అతనికి పదేళ్లప్పుడు నేల మీదికి మార్చారట. అప్పటి బరువుకు ఆ ఆలోచన సరిపోయింది. పందొమ్మిదేళ్లకు అదే పరుపు తల్లి నడుమునూ కడుపునూ విరగ్గొట్టింది. ఒక శనివారం పొద్దున ఆరు నుంచి రాత్రి పది వరకు వాళ్లింట్లోనే ఉండి ఆమె ఎన్నిసార్లు ఎత్తుతుందో లెక్కపెట్టాను. పదకొండుసార్లు. అందులో తొమ్మిది నేల నుంచి నడుము ఎత్తుకు, ఒంటరిగా, ఊపిరి బిగబట్టి. గర్భసంచి జారిన మనిషికి ఏది కూడదని డాక్టర్లు చెబుతారో సరిగ్గా అదే పని, రోజుకు తొమ్మిదిసార్లు.

మిగతావన్నీ పక్కనపెట్టి ముందు మంచం తెచ్చాం. ఒక దాత ఇచ్చిన పాత ఆస్పత్రి మంచం, రెండువైపులా రెయిలింగ్ ఉన్నది. మా ఫిజియో వచ్చి, మందపాటి దుప్పటితో ఇద్దరు కలిసి జరపడం తండ్రికి, అక్కకు నేర్పించారు. తెల్లవారుజామున తండ్రి వెళ్లేముందు ఒకసారి, రాత్రి అక్క వచ్చాక ఒకసారి. దీంతో ఒంటరిగా ఎత్తడం తొమ్మిది నుంచి ఐదుకు వచ్చింది. ఏ కుటుంబంతో పని మొదలుపెట్టినా తల్లి రోజుకు ఎన్నిసార్లు, ఎంత ఎత్తు నుంచి ఎత్తుతోందో లెక్కపెట్టాకే మిగతా మాటలు మాట్లాడాలని ఇప్పుడు మా దగ్గర అందరికీ చెబుతున్నాను. ఆ లెక్క లేకుండా ‘మీరు రెస్ట్ తీసుకోండమ్మా’ అనడం వల్ల ఆమెకు కోపం తప్ప ఏమీ రాదు.

‘భారం’ అన్న మాట

చూసుకునేవాళ్ల మీద ఎంత ఒత్తిడి ఉందో తెలుసుకోవడానికి మేము వాడేది జారిట్ ప్రశ్నావళి. 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 88. మొదటిసారి ఆమెకు 26 వచ్చింది. అంటే తక్కువకూ మధ్యస్థానికీ మధ్య. ఆమెను చూసినవాళ్లెవరూ ఆ అంకెను నమ్మరు. అప్పుడు అత్తగారు ఆ గదిలోనే కూర్చుని ఉంది. భర్త వాకిట్లో ఉన్నాడు. ‘వేరేవాళ్లకు అప్పగిస్తే బాగుండు అనిపిస్తుందా’ అన్న ప్రశ్నకు ఆమె నవ్వి, చిన్నోడి తల నిమిరి, “ఛీ, లేదు మేడమ్” అంది.

నెల తర్వాత మా సెంటర్లో, ఇద్దరమే ఉన్నప్పుడు, మళ్లీ అడిగాను. ఈసారి మాటలు మార్చాను. మా తెలుగు కాగితంలో ‘బర్డెన్’ను ‘భారం’ అని పెట్టుకున్నాం. తెలుగులో కన్నబిడ్డను భారం అనడం తల్లి నోట రాదు. అది శాపం పెట్టినట్టు ఉంటుంది. అందుకే ‘ఒళ్లు అలిసిపోతుందా’, ‘రాత్రి లేవాల్సి వస్తే ఏడుపొస్తుందా’, ‘మీకంటూ ఒక గంట చివరగా ఎప్పుడు దొరికింది’ అని అడిగాను. 57 వచ్చింది. చివరి ప్రశ్నకు ఆమె నేరుగా జవాబు చెప్పలేదు. 2019లో తమ్ముడి పెళ్లికి వెళ్లి, ముహూర్తం కాకముందే తిరిగొచ్చానని చెప్పింది.

ఈ విషయంలో మన బెంగళూరులోనే ఒక మంచి పని జరిగింది. మానసిక జబ్బు ఉన్నవాళ్ల కుటుంబాల కోసం పాయ్, కపూర్ 1981లో ఒక ఇంటర్వ్యూ పట్టిక ప్రచురించారు. అది మనసును నేరుగా తట్టదు. డబ్బు ఎంత పోయింది, ఇంట్లో పనులు ఎలా చెదిరాయి, పండగలూ ప్రయాణాలూ ఏవి మానేశారు, ఇంట్లో మిగతావాళ్ల ఆరోగ్యం ఎలా ఉంది అని అడుగుతుంది. తెలుగు తల్లులతో మాట్లాడటానికి నాకు ఆ దారే సులువుగా ఉంది. జరిగింది చెప్పమంటే చెబుతారు. అనిపించింది చెప్పమంటే చుట్టూ ఎవరున్నారో చూసుకుంటారు.

కాగితాలు

ఈ భాగం త్వరగా చెబుతాను. చిన్నోడికి యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు, ఉంది. సెరిబ్రల్ పాల్సీ లాంటి వైకల్యాలున్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ నేషనల్ ట్రస్ట్. వాళ్ల నిరామయ బీమా లేదు. దానికి అప్లై చేయించాం. ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యం ఖర్చు వస్తుంది, ముందుగా ఆరోగ్య పరీక్షలు అడగరు. పద్దెనిమిది దాటింది కాబట్టి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్‌షిప్, అంటే అతని తరఫున సంతకం పెట్టే హక్కు, తీసుకోవాలి. అది జిల్లా అధికారి అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ ఇస్తుంది. కన్నవాళ్లమే కదా, మళ్లీ ఈ కాగితం దేనికని తండ్రి అడిగాడు. ఆస్పత్రిలో, షార్ట్ స్టేలో (కొన్ని రాత్రులు ఉంచుకుని చూసుకునే కేంద్రం) సంతకం దగ్గర అడుగుతారని చెబితే ఒప్పుకున్నాడు.

చిక్కంతా అడ్రస్‌తో. చిన్నోడి ఆధార్ శ్రీ సత్యసాయి జిల్లాలోని ఊరిది. ఎందుకంటే పింఛను అక్కడ వస్తుంది. తల్లిదీ ఊరి అడ్రసే. అందుకే శక్తి పథకం కింద కర్ణాటక ఆడవాళ్లకున్న ఉచిత బస్సు ఆమెకు వర్తించదు. ఇక్కడి అడ్రస్‌కు మార్చుకుంటే అక్కడి పింఛను పోతుంది. మార్చుకోకపోతే ఇక్కడి పథకాలు అందవు. సరిహద్దు దాటి బతుకుతెరువుకు వచ్చిన ప్రతి కుటుంబానికీ ఇదే టెన్షన్. మేము మార్చొద్దనే చెప్పాం. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000కు పెరిగింది. ఆ పెరిగిన 3,000 తర్వాత ఈ కథలో చాలా పని చేసింది.

ఇక అసలు సంగతి, అంటే కొన్నాళ్లు బయట ఉంచుకుని చూసుకునే చోటు. నేషనల్ ట్రస్ట్‌కు సమర్థ్ అనే పథకం ఉంది, రెస్పిట్ కోసమే, అంటే చూసుకునేవాళ్లకు కొన్నాళ్లు విరామం ఇవ్వడానికే పెట్టినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకు సంరక్షకుల భత్యం ఇవ్వాలని కూడా ఉంది. చట్టంలో ఉన్న మాట చిన్నోడి దాకా రాలేదు. నేను ఫోన్ చేసిన చోట్ల మొదటి ప్రశ్న ఒకటే: “నడుస్తాడా? తనే తింటాడా?” రెండింటికీ కాదు అనగానే, ఫిట్స్ కూడా ఉన్నాయనగానే గొంతు మారేది. ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో వాళ్లకే తలుపు మూసుకుంటోంది. దీని గురించి నాకు కోపం ఉంది, దాచుకోను. ఇంటికి వచ్చే అటెండెంట్ కోసం ఏజెన్సీలను అడిగితే 24 గంటలకు నెలకు పాతిక వేలకు పైనే చెప్పారు. ట్యాంకర్ డ్రైవర్ జీతం దాదాపు అంతే.

మే చివరికి ఒక చోటు ఒప్పుకుంది. నగరానికి అవతలి కొసన, ఎనిమిది మంచాలున్న షార్ట్ స్టే. ఆ ఎండాకాలం బెంగళూరులో నీళ్లకు ఎంత కటకట వచ్చిందో అందరికీ తెలుసు. తండ్రి రాత్రీ పగలూ ట్యాంకర్ మీదే ఉన్నాడు, ఒక్కరోజు సెలవు అడిగే పరిస్థితి లేదు. వానలు పడ్డాక చూద్దామన్నాడు. జూన్‌లో మూడు రాత్రులు పెట్టి చూద్దాం, బాగుంటే ఆగస్టులో ఆపరేషన్ అనుకున్నాం.

జూన్‌లో ఏం జరిగింది

మేము పంపింది రెండు పేజీల ఫారం. జబ్బు పేరు, మందులు, డోసులు, డాక్టర్ నంబర్, ‘ఆహారం: మెత్తగా’. అన్నీ నింపాను, సంతకం పెట్టాను. సరిపోతుందనుకున్నాను.

రెండో రోజు సాయంత్రం ఎనిమిదిన్నరకు ఫోన్ వచ్చింది. నిన్నటి నుంచి సరిగా తినలేదు, నీళ్లు తాగలేదు, ఒళ్లు వేడిగా ఉంది. తల్లి ఆటోలో గంటన్నర వెళ్లింది. అక్కడి నుంచి క్యాజువాలిటీకి తీసుకెళ్లారు. సెలైన్ ఎక్కించారు. రాత్రి ఒక ఫిట్ వచ్చింది. సిరప్‌ను పాలలో కలిపి ఇస్తే ఉమ్మేశాడట, ఆ డోసు లోపలికి పోలేదు. పొద్దున నేను వెళ్లేసరికి ఆమె బెంచీ మీద కూర్చుని ఉంది. అరవలేదు. “నేను చెప్పలేదా మేడమ్” అంది, అంతే.

అక్కడి సిబ్బంది తప్పు వెతకడం సులువు. వాళ్లు నిర్లక్ష్యం చేయలేదు. ఇద్దరు ఆయాలు గంటల తరబడి ప్రయత్నించారు. స్టీలు చెంచాతో తినిపించారు. స్టీలు పళ్లకు తగలగానే చిన్నోడి దవడ బిగుసుకుపోతుంది, చెంచాను కొరికి పట్టుకుంటాడు. సెరిబ్రల్ పాల్సీలో కొందరికి తమ ప్రమేయం లేకుండా వచ్చే రిఫ్లెక్స్ అది, మొండితనం కాదు. వాళ్లకు అది ‘వద్దు’ అన్నట్టు కనిపించింది. బలవంతంగా పెడితే పొలమారుతుందని భయపడి ఆపేశారు. ఆ భయం సరైనదే. ఇంట్లో పదేళ్లుగా ప్లాస్టిక్ చెంచానే వాడుతున్నారు. ఆ సంగతి మా ఫారంలో ఎక్కడా లేదు. ఎందుకంటే నేను అడగలేదు, ఆమెకు అది చెప్పాల్సిన సంగతి అని తట్టలేదు.

ఇది మా పొరపాటు. నేను చోటు వెతికాను, మంచం వెతికాను, రవాణా చూశాను. పంతొమ్మిదేళ్లు ఆమె చేతుల్లో పోగుపడినదాన్ని ఇంకొకరి చేతుల్లోకి మార్చాలని మాత్రం ఆలోచించలేదు.

ఆ తర్వాత మూడు వారాలు ఆమె నా ఫోన్ ఎత్తలేదు.

నాలుగు మధ్యాహ్నాలు

జూలైలో అక్క ఫోన్ చేసింది. అమ్మకు రక్తం కనిపిస్తోంది, నడవలేకపోతోంది, మీరొకసారి రండి అని. వెళ్లాను. ముందుగా జూన్‌లో జరిగినదానికి ఇంట్లో అందరి ముందూ క్షమాపణ చెప్పాను. ఆ తర్వాత ఒకటే అడిగాను: చిన్నోడికి ఎలా తినిపించాలో నాకు నేర్పుతారా?

“నేర్పేదేముంది మేడమ్, మామూలుగా పెట్టేదే” అంది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది, దీన్ని వివరంగా చెప్పాలి. ఎలా చేస్తారు అని అడిగితే తల్లి ‘మామూలుగానే’ అంటుంది. అబద్ధం చెప్పడం కాదు. చేతికి తెలిసింది నోటికి రాదు. అందుకని నేను ఆమెను ఏమీ అడగలేదు. మా స్పీచ్ థెరపిస్ట్ పక్కనుండగా గిన్నె తీసుకుని నేనే తినిపించడం మొదలుపెట్టాను. మొదటి ముద్ద నోటి దగ్గరికి వెళ్లకముందే ఆమె అంది: “అట్ల కాదు మేడమ్.”

అట్ల కాదు అన్నప్పుడల్లా ఆపాను. ఎట్ల అని అడిగాను. ఆమె చేసి చూపించింది. అక్క పక్కన కూర్చుని నోట్‌బుక్‌లో రాసింది, ఫోన్లో వీడియో తీసింది. తినిపించడం ఒక మధ్యాహ్నం, స్నానం, బట్టలు ఒక మధ్యాహ్నం, పడుకోబెట్టడం ఒకటి, ఫిట్స్, మందులు, ఏడుపులు ఒకటి. నాలుగు మధ్యాహ్నాల్లో ఆమె నలభై మూడుసార్లు అట్ల కాదంది. నలభై మూడూ రాసుకున్నాం.

వాటిలో కొన్ని, అక్క రాసినట్టే:

“చెంచా ప్లాస్టిక్‌ది. కొరికి పట్టుకుంటే లాగొద్దు. దవడ కింద వేలు పెట్టి ఊరికే ఉండు, వాడే వదుల్తాడు.”

“ఎడమపక్క కూచో. కుడిపక్క కూచుంటే తల తిప్పి నిన్నే చూస్తాడు, అప్పుడు పొలమారతాది. గడ్డం కొంచెం కిందికుండల్ల.”

“నీళ్లు నీళ్లలాగే ఇవ్వొద్దు. జావ మాదిరి చిక్కగా ఉంటేనే దిగుతాది. సంగటి పప్పుతో మెదిపి పెట్టు. తిన్నాక అరగంట కూచోబెట్టే ఉంచు.”

“అవునంటే కండ్లు పైకెత్తుతాడు. కాదంటే గట్టిగా మూస్తాడు. నాలికతో టక్ అంటే ఒంటికి వస్తాందని.”

“సిరప్ పాలలో కలపొద్దు. సిరంజితో చెంప పక్క నుంచి కొంచెం కొంచెం.”

“కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడి ఒళ్లంతా బిగుస్తాది. ముందే చెప్పు, చెవుల మీద చెయ్యి పెట్టు.”

“ఏడిస్తే నొప్పే అనుకోవద్దు. సాయంత్రం ఐదున్నరకు నాయన ట్యాంకర్ హారన్ కొడతాడు. అది వినపడకుంటే ఏడుస్తాడు.”

ఈ చివరిది చదివి మా స్పీచ్ థెరపిస్ట్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. జూన్‌లో రెండు సాయంత్రాలూ ఐదున్నర నుంచి ఏడ్చాడని షార్ట్ స్టే రికార్డులో ఉంది. కారణం ‘తెలియదు’ అని రాశారు.

ఫిట్స్ పేజీ మాత్రం డాక్టర్ దగ్గర కూర్చుని రాశాం. రాగానే టైమ్ చూసుకోవాలి, పక్కకు తిప్పాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. ఐదు నిమిషాలు దాటితే ఫిట్‌ను ఆపే మిడజోలం స్ప్రే ముక్కులో కొట్టి వెంటనే ఆస్పత్రికి. ఇక్కడ నాయనమ్మతో ఒక గట్టి చర్చ జరిగింది. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం ఆమె నమ్మకం. అవి ఫిట్‌ను ఆపవు, ఆ హడావుడిలో ఐదు నిమిషాల లెక్క పోతుందని చెప్పాం. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. గడియారం చూసే పని ఆమెకే అప్పగించాం. అది మాత్రం శ్రద్ధగా చేస్తుంది.

నోట్‌బుక్ తెలుగులో ఉంది. షార్ట్ స్టే సిబ్బంది కన్నడవాళ్లు. మా ఆఫీసులో రెండు భాషలూ వచ్చిన అమ్మాయి ఎదురు పేజీలో కన్నడంలో రాసిపెట్టింది. ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ కన్నడం.

గంటలతో మొదలు

ఈసారి రాత్రులతో మొదలుపెట్టలేదు. అదే వీధిలో ఒక కన్నడ ఆవిడ ఉంది. ఇదివరకు ఒక బడిలో ఆయాగా పనిచేసింది, పిల్లలు పెళ్లిళ్లై వెళ్లిపోయారు. రోజుకు నాలుగు గంటలు, వారానికి మూడు రోజులు. రోజుకు 250 రూపాయలు, నెలకు దాదాపు 3,000. పెరిగిన పింఛను సరిగ్గా దానికి సరిపోయింది. దీన్ని పథకమని ఎవరూ అనరు గానీ, ఆ ఇంట్లో తల్లికి మొదటిసారి దొరికిన సంరక్షకుల భత్యం అదే.

మొదటి వారం తల్లి ఆ గదిలోనే ఉంది. రెండో వారం వంటింట్లో. మూడో వారం బయటికి వెళ్లమన్నాం. నలభై నిమిషాలకే తిరిగొచ్చింది. ఎక్కడికి వెళ్లారని అడిగితే, “బస్టాండులో కూచున్న్యా మేడమ్. యాడికి పోవల్లో తెలీలేదు” అంది. అంతకుముందు నేను అలాంటి ఖాళీ గంటలకు గుడికో పార్కుకో వెళ్లమని సలహా ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఇవ్వను. ఇన్నేళ్ల తర్వాత దొరికిన మొదటి గంటకు ఒక పని పెట్టాలనుకోవడం మన తొందర. ఆమె మరో నాలుగుసార్లు ఆ బస్టాండులోనే కూర్చుంది. ఆరోసారి టికెట్ కొనుక్కుని మార్కెట్‌కు వెళ్లి గాజులు కొనుక్కుంది.

మేము ‘రెస్పిట్’ అంటాం, కాగితాల మీద ‘విరామ సంరక్షణ’ అని రాస్తాం. ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. బంధువులు ‘హాస్టల్లో వదిలేస్తారంట’ అన్నారు. వదిలేయడం అన్న మాట ఆమెను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. చివరికి మాట కుదిర్చింది నాయనమ్మే. ‘చిన్నోడు ఊరికి పోయినాడు’ అనడం మొదలుపెట్టింది. సెలవులకు పిల్లలు అవ్వగారి ఊరికి వెళ్లి వచ్చినట్టు. ఇప్పుడు ఆ ఇంట్లో అదే మాట.

ఆగస్టు మూడో వారంలో రెండు రాత్రులు, అదే షార్ట్ స్టేకి. వేరే చోటుకు మార్చుదామని తండ్రి అన్నాడు. నేను వద్దన్నాను. ఒకసారి దెబ్బ తిన్న చోటే సరిచేసుకుంటే ఇద్దరికీ భయం పోతుందని నా నమ్మకం. నోట్‌బుక్ ముందు రోజే పంపాం. ఆయాలు ఇద్దరూ ఇంటికి వచ్చి ఒక పూట తినిపించి వెళ్లారు, తల్లి ‘అట్ల కాదు’ అంటూ పక్కన కూర్చుంది. వీధిలో ఆవిడ మొదటి రాత్రి చిన్నోడితో పాటు ఉంది. ఐదున్నరకు తండ్రి ఫోన్లో హారన్ కొట్టాడు. తిన్నాడు. తాగాడు. రెండో రాత్రి రెండుసార్లు లేచాడు, మళ్లీ పడుకున్నాడు. అంతకుమించి రాయడానికి ఏమీ జరగలేదు. నాకు కావలసింది అదే.

సెప్టెంబర్

ఆపరేషన్ జరిగింది. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంది. మూడు నెలలు బరువు ఎత్తకూడదని డాక్టర్ గట్టిగా చెప్పారు. ఇలాంటి సందర్భంలో అందరూ ఆస్పత్రి రోజులకే ఏర్పాటు చేసుకుంటారు. ఆ తర్వాతి వారాలను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. డిశ్చార్జ్ అయిన మర్నాడే బిడ్డను ఎత్తి, మళ్లీ మొదటికొచ్చిన తల్లులను చూశాను. అందుకని చిన్నోణ్ణి పది రాత్రులు షార్ట్ స్టేలో ఉంచాం. తర్వాత ఇంట్లో, వీధిలో ఆవిడ వారానికి ఆరు రోజులు. ఆ మూడు నెలల అదనపు డబ్బు మా సెంటర్ నిధి నుంచి ఇచ్చాం. పొద్దున, రాత్రి తండ్రీ కూతురూ దుప్పటితో జరిపేవాళ్లు. తండ్రి తినిపించడం నేర్చుకున్నాడు. ఇంతకాలం ఎందుకు నేర్చుకోలేదని నేను అడగలేదు. నేర్పినవాళ్లు లేరు, అతని చేతికి గిన్నె ఇచ్చినవాళ్లూ లేరు.

ఆ పది రాత్రుల మధ్యలో ఒక చిక్కు వచ్చింది. అక్కకు ఒక సంబంధం కుదిరేలా ఉంది, చూడటానికి ఆదివారం వస్తామన్నారు. చిన్నోడు ఇంట్లో లేని రోజులే చూసుకుని రమ్మన్నారు ఇంట్లోవాళ్లు. అవసరమైతే ఇంకో రెండు రోజులు అక్కడే ఉంచమని తండ్రి నన్ను అడిగాడు.

దాచిపెట్టడానికి ఈ ఏర్పాటును వాడటం నాకు నచ్చలేదు. అలాగని ఆడపిల్ల పెళ్లి విషయంలో ఒక తండ్రికి పాఠం చెప్పే స్థానం నాది కాదు. మంచం ఇవ్వనని అనలేదు. అక్కను పక్కకు పిలిచి నీకేం కావాలని అడిగాను. ముందే చెప్పేస్తే మంచిది, తర్వాత తెలిసి మాటలు పడటం నావల్ల కాదు అంది. తండ్రి ఫోన్ చేసి చెప్పాడు. వాళ్లు రాలేదు. ఆ ఇంట్లో వారం రోజులు ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. నేను చేసింది సరైనదేనా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. చిన్నోణ్ణి అనుకున్న రోజుకే ఇంటికి తీసుకొచ్చాం.

డిసెంబర్‌లో మళ్లీ జారిట్ చేశాను, ఇద్దరమే ఉన్నప్పుడు. 38. నడుము నొప్పి ఉంది. జారడం లేదు. ఒంటరిగా ఎత్తడం రోజుకు ఒకటి, అదీ మంచం ఎత్తు నుంచి.

ఇప్పుడు

నెలలో ఒక శుక్రవారం సాయంత్రం చిన్నోడు ‘ఊరికి’ పోయి ఆదివారం వస్తాడు. వారానికి మూడు రోజులు వీధిలో ఆవిడ వస్తుంది. ఈ మొత్తం ఏర్పాటు ఒకే మనిషి మీద ఆధారపడి ఉంది, అది నాకు భయం. ఆమె ఉన్న ఇంటికి అద్దె పెంచుతున్నారు, ఖాళీ చేయాల్సి రావచ్చు. అందుకే రెండో మనిషికి నేర్పడం మొదలుపెట్టాం. మా దగ్గరికి వచ్చే ఇంకో రెండు కుటుంబాలు కూడా నోట్‌బుక్ రాసుకుంటున్నాయి. వాళ్లకు ఆపరేషన్ లేదు, తొందర లేదు. అలాంటప్పుడే రాసుకోవాలి.

పోయిన నెల వెళ్లినప్పుడు తల్లి మధ్యాహ్నం చిన్నోణ్ణి పక్కకు తిప్పి పడుకోబెడుతోంది. వీధిలో ఆవిడ గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరిగి చూసి, “హాగల్ల అక్కా” అంది. అట్ల కాదక్కా అని. మోకాళ్ల మధ్య దిండు పెట్టాక ఎడమ మోచేతి కింద కూడా ఒక మడతపెట్టిన తువ్వాలు పెడితే గంట ఎక్కువ పడుకుంటాడట, ఆమె కనిపెట్టింది. తల్లికి ఆ సంగతి తెలియదు. తువ్వాలు పెట్టి చూసింది. తర్వాత కూతుర్ని పిలిచి నోట్‌బుక్‌లో రాయమంది. అది అరవై ఒకటోది.